గ్రానైట్ షెడ్లలో నెట్‌వర్క్ లూప్ పడకుండా స్పానింగ్ ట్రీ

చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీ అంటే ఆఫీసు, కటింగ్ షెడ్, పాలిషింగ్ షెడ్, కాటా గది. నాలుగు చోట్లా స్విచ్‌లు. ఒక ఫైబర్ తెగినా కాటా బిల్లులు ఆగకూడదని రెండో దారి లాగుతారు, లూప్ (తిరిగి మొదటికే చేరే దారి) వచ్చేది దానితోనే. ఈథర్‌నెట్ ఫ్రేముకు (నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్కకు) టీటీఎల్, అంటే ఎన్ని గెంతుల తర్వాత ఆగాలో చెప్పే లెక్క, ఉండదు కాబట్టి రింగులో పడ్డ బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే ఫ్రేము) తిరుగుతూ పెరుగుతూ పోతుంది. స్విచ్ లైట్లన్నీ ఒక్కటిగా మిణుకుతాయి, కెమెరాలు పోతాయి, లాగ్‌లో ఒకే మాక్ అడ్రసు (పరికరం హార్డ్‌వేర్ చిరునామా) రెండు పోర్టుల మధ్య గంతులేస్తుంది.

దీన్ని ఆపేది స్పానింగ్ ట్రీ: స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని అదనపు దారిని మూసి ఉంచి, మొదటిది తెగితే దాన్ని తెరిచే పద్ధతి. రెండో ఫైబర్ గుచ్చే ముందే కాన్ఫిగరేషన్ ముగించండి. కింది కమాండ్లు సిస్కోవి; పలికే తీరులో రాశాం, కొట్టేది ఇంగ్లీషులోనే.

ముందు అన్ని స్విచ్‌లలో ‘స్పానింగ్-ట్రీ మోడ్ రాపిడ్-పీవీఎస్‌టీ’. ఇది దారిని వేగంగా మారుస్తుంది; పాత 802.1డీ పద్ధతిలో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. వేరే కంపెనీ స్విచ్‌లు కలిసి ఉంటే అన్నిటికీ ఎంఎస్‌టీపీ (కంపెనీలన్నిటికీ ఉమ్మడి ప్రమాణమైన స్పానింగ్ ట్రీ) పెట్టడం మేలు. అందులో రీజియన్ (ఒకే సెట్టింగులున్న స్విచ్‌ల గుంపు) పేరు, రివిజన్, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) మ్యాపింగ్ అక్షరం తేడా లేకుండా ఉండాలి.

తర్వాత రూట్, అంటే మిగతా స్విచ్‌లన్నీ దారి లెక్క కట్టుకునే మూల స్విచ్. దీన్ని స్విచ్‌ల ఇష్టానికి వదలొద్దు. ప్రయారిటీ నంబరు చిన్నదైన స్విచ్ రూట్ అవుతుంది. డిఫాల్ట్ ప్రయారిటీ అన్నిటికీ 32768, సమానమైతే చిన్న మాక్ ఉన్నది గెలుస్తుంది. అది చాలాసార్లు కటింగ్ షెడ్‌లో దుమ్ము తింటున్న పాత స్విచ్చే. దానికి యూపీఎస్ లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా రూట్ మారుతుంది. యూపీఎస్ ఉన్న ఆఫీసు స్విచ్‌లో ‘స్పానింగ్-ట్రీ వీల్యాన్ 1,10,20 ప్రయారిటీ 4096’ ఇవ్వండి, దాని తర్వాతిదానికి 8192. 4096 గుణిజాలే తీసుకుంటుంది. ‘షో స్పానింగ్-ట్రీ’లో వీల్యాన్ 10కి 4106 కనబడితే కంగారొద్దు, వీల్యాన్ నంబరు కలిసిందంతే.

కంప్యూటర్, కెమెరా, ప్రింటర్ పోర్టులకు ‘స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్’, ‘స్పానింగ్-ట్రీ బీపీడీయూగార్డ్ ఎనేబుల్’ రెండూ పెట్టండి. మొదటిది పోర్టును వెంటనే తెరుస్తుంది; రెండోది ఆ పోర్టులోకి బీపీడీయూ (స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశం) వస్తే మూసేస్తుంది. స్విచ్‌ల మధ్య లింకుకు పోర్ట్‌ఫాస్ట్ ఎప్పుడూ వద్దు. వాచ్‌మన్ గదిలో 8 పోర్టుల చిన్న స్విచ్‌కు ఎవరో వైరు రెండు కొసలూ గుచ్చేస్తే, మన బీపీడీయూ మనకే తిరిగొచ్చి పోర్టు ఎర్-డిసేబుల్ అవుతుంది, అంటే మూసుకుపోతుంది. వైరు పీకాకే ‘షట్‌డౌన్’, ‘నో షట్‌డౌన్’ కొట్టండి. కొన్ని చౌక స్విచ్‌లు బీపీడీయూను మింగేస్తాయి, అప్పుడు గార్డ్‌కు ఏమీ తెలీదు. ఆ పోర్టులకు బ్రాడ్‌కాస్ట్ లింకు వేగంలో 1 శాతం దాటకుండా ‘స్టార్మ్-కంట్రోల్ బ్రాడ్‌కాస్ట్ లెవెల్ 1’ కూడా చేర్చాలి.

ఈ ప్రాంతంలో మరచిపోకూడనిది రాతి దుమ్ము. ఫైబర్ కనెక్టర్ మీద పడి ఒక్క పోగు మూగబోయినా, బ్లాకులో ఉన్న (స్పానింగ్ ట్రీ మూసి ఉంచిన) పోర్టుకు బీపీడీయూ అందక, అది అడ్డు లేదనుకుని తెరుచుకుంటుంది. రూట్ కాని స్విచ్‌లలో, రూట్ వైపున్న ఫైబర్ పోర్టుకూ బ్లాకు పోర్టుకూ ‘స్పానింగ్-ట్రీ గార్డ్ లూప్’ ఇవ్వండి; బీపీడీయూ ఆగినా పోర్టు తెరుచుకోకుండా ఇది ఆపుతుంది.

చివరగా కాటా కంప్యూటర్ నుంచి ఆఫీసుకు ఆగకుండా పింగ్ పెట్టి, ఒక ఫైబర్ పీకండి. ఒకటి రెండు పింగ్‌లు పోతే సరే. అర నిమిషం పోతే ఏదో ఒక స్విచ్ ఇంకా పాత మోడ్‌లోనే ఉంది, లేదా ఒక లింకు హాఫ్ డూప్లెక్స్‌లో (ఒకసారికి ఒకవైపే పంపే స్థితిలో) పడింది.