టెస్టోస్టెరాన్ పాఠాలు – 3: రిపోర్టులో ఆ ఒక్క అంకెను ఎలా చదవాలి

మొదటి పాఠంలో మగవాళ్ల హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ తగ్గితే కనబడే లక్షణాలు చూశాం. రెండో పాఠంలో ఈ హార్మోన్‌ను తగ్గించే జబ్బులు, మందులు రాసుకున్నాం. ఈసారి రక్తపరీక్ష రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చోండి. రిపోర్టు లేనివాళ్లు కూడా చదవండి, ఎందుకంటే చాలా తప్పులు శాంపిల్ ఇవ్వకముందే జరిగిపోతాయి.

యాభై దాటాక కాస్త నీరసంగా ఉంటే చాలు, ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ చేయించుకుని, అంకె కొంచెం తక్కువ కనబడగానే ఇంజెక్షన్ మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. నిజంగా లోపం ఉండి కూడా భార్యకు గానీ డాక్టరుకు గానీ చెప్పడానికి సిగ్గుపడి ఏళ్లు గడిపేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి గురించీ నాకు బాధే. యూరప్‌లో 8 కేంద్రాల్లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లు మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం 2010లో వచ్చింది. పొద్దున లేచేసరికి అంగం గట్టిపడటం తగ్గడం, కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, ఈ మూడూ ఉండి హార్మోన్ కూడా తక్కువగా ఉన్నవాళ్లు అందులో సుమారు 2 శాతమే తేలారు. అలసట, దిగులు లాంటివి హార్మోన్‌తో అంత గట్టిగా ముడిపడి కనబడలేదు. కాబట్టి ఒట్టి నీరసం పట్టుకుని రిపోర్టు చదవకండి, ఈ మూడు లక్షణాల గురించి మీకు మీరు నిజం చెప్పుకుని చదవండి.

ముందు శాంపిల్ తీసిన టైమ్ చూడండి. రిపోర్టు పైభాగంలో మీ పేరు, వయసు పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, తిన్నాక ఇంకా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య ఇవ్వాలి. ఆఫీసు అయ్యాక సాయంత్రం ఐదింటికి టీ, సమోసా అయ్యాక ఇచ్చిన శాంపిల్‌లో అంకె తక్కువ వస్తే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నైట్ డ్యూటీ చేసేవాళ్లకు గడియారం కన్నా నిద్ర ముఖ్యం, పడుకుని లేచాక రెండు మూడు గంటల్లోపు ఇవ్వండి. జ్వరమో, ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బో ఉన్నప్పుడు అసలు చేయించుకోవద్దు, ఒంట్లో బాగోలేనప్పుడు ఇది దానంతట అదే పడిపోతుంది. జుట్టు రాలుతుందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? ల్యాబుల్లో మామూలుగా వాడే కొన్ని పద్ధతుల్లో బయోటిన్ వల్ల అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడొచ్చు, లోపం దాగిపోతుంది. ల్యాబ్ వాళ్లకు చెప్పి, ముందు కొన్ని రోజులు ఆపండి.

రెండోది, యూనిట్. మన దగ్గర చాలా రిపోర్టుల్లో డెసిలీటరుకు ఇన్ని నానోగ్రాములు అని ఉంటుంది, కొన్నిట్లో మిల్లీలీటరుకు ఇన్ని అని ఉంటుంది. 3.2 అని చూసి గుండె ఆగినంత టెన్షన్ పడకండి, అది మిల్లీలీటరు లెక్క అయితే 320 అన్నమాటే. గల్ఫ్‌లోనో లండన్‌లోనో చేయించుకున్నవాళ్లకు నానోమోల్‌లో వస్తుంది, దాన్ని 28.8తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది.

ఎంత ఉంటే తక్కువ? అమెరికాలో యూరాలజిస్టుల సంఘం 300 అంటుంది. హార్మోన్ డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ మాత్రం ఊబకాయం లేని ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ల లెక్కలు తీసి 264 అంటుంది. పెద్ద పెద్ద సంస్థలకే గీత ఒక చోట కుదరలేదు. ఇక మీకు 290 వస్తే అది జబ్బా కాదా అని రాత్రంతా ఆలోచించడంలో అర్థం లేదు. మళ్లీ ఇంకో రోజు, పరగడుపున, అదే ల్యాబులో చేయించండి. ఈరోజు తక్కువ వచ్చినవాళ్లలో చాలామందికి రెండోసారి మామూలుగా వస్తుంది. రెండు ఉదయాలూ తక్కువ వస్తేనే ముందుకు వెళ్లాలి.

ఇప్పుడు అసలు కిటుకు. రిపోర్టులో కనబడే మొత్తం టెస్టోస్టెరాన్‌లో స్వేచ్ఛగా తిరిగేది సుమారు 2 శాతమే. మిగతాది రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు వదులుగా, ఎస్‌హెచ్‌బీజీ అనే ఇంకో ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కుని ఉంటుంది. పొట్ట, షుగర్ ఉన్నవాళ్లలో, థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లలో ఈ ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది, దాంతో మొత్తం అంకె కూడా తగ్గి కనబడుతుంది, పనిచేసే హార్మోన్ మాత్రం సరిపడా ఉండొచ్చు. వయసు పెరిగేకొద్దీ, లివర్ సిరోసిస్‌లో, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు ఎస్‌హెచ్‌బీజీ పెరుగుతుంది, అప్పుడు మొత్తం అంకె చూడటానికి బాగుండి లోపల పనిచేసేది తక్కువగా ఉండొచ్చు. అంకె 200 నుంచి 400 మధ్య ఉండి ఈ జబ్బుల్లో ఏదైనా ఉంటే ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ కూడా చేయించి, వాటితో ఫ్రీ టెస్టోస్టెరాన్ లెక్కకట్టించుకోండి. చాలా ల్యాబుల్లో నేరుగా ఫ్రీ టెస్టోస్టెరాన్ అని చేసే చవక పరీక్ష నమ్మదగింది కాదు, ఆ డబ్బు దండగ.

రెండుసార్లూ తక్కువే అని తేలాక ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చేయించాలి. ఎల్‌హెచ్ అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి టెస్టోస్టెరాన్ తయారుచేయమని వృషణాలకు వెళ్లే ఆర్డరు, ఎఫ్‌ఎస్‌హెచ్ అక్కణ్నుంచే వీర్యకణాల కోసం వెళ్లే ఆర్డరు. టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండి ఎల్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంటే, ఆర్డరు వెళ్తోంది, వృషణాలే చేయలేకపోతున్నాయి. టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండి ఎల్‌హెచ్ కూడా తక్కువగానో మామూలుగానో ఉంటే తేడా పైన ఉంది. ఇక్కడ చాలామంది ‘ఎల్‌హెచ్ నార్మల్’ అని చూసి ఊరుకుంటారు. కింద హార్మోన్ అంత పడిపోయినప్పుడు ఎల్‌హెచ్ పెరగాలి కదా, పెరగలేదంటే అది నార్మల్ కాదు.

రెండు రిపోర్టులు ఇస్తున్నాను. ఇవి అభ్యాసం కోసం నేను తయారుచేసినవి. జవాబు చదవకముందే మీరు చెప్పండి.

ఒకాయనకు 58 ఏళ్లు, పొట్ట, పన్నెండేళ్లుగా షుగర్, ఇల్లు అదిరేలా గురక, పగలు కుర్చీలోనే కునుకు. పొద్దున అంగం గట్టిపడటం మామూలుగానే ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి ఇచ్చిన శాంపిల్‌లో 212. ఉదయం పరగడుపున ఇచ్చినదాంట్లో 271, ఎస్‌హెచ్‌బీజీ 16, ఆల్బుమిన్ 4.3, ఎల్‌హెచ్ 4. లెక్కకడితే ఫ్రీ టెస్టోస్టెరాన్ లీటరుకు దాదాపు 260 పికోమోల్‌లు వస్తుంది, నేను ముందు చెప్పిన యూరప్ అధ్యయనం పెట్టుకున్న గీత 220. అంటే ఈయనకు కావాల్సింది హార్మోన్ ఇంజెక్షన్ కాదు. నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూసే స్లీప్ స్టడీ, షుగర్ అదుపు, బరువు తగ్గడం. బరువు తగ్గితే ఈ అంకె దానంతట అదే పెరుగుతుంది, బాగా తగ్గితే బాగానే పెరుగుతుంది. గురక సంగతి చూడకుండా టెస్టోస్టెరాన్ ఇస్తే ఆ శ్వాస ఇబ్బంది ముదిరే ప్రమాదం కూడా ఉంది.

ఇంకొకాయనకు 64 ఏళ్లు, సన్నగా ఉంటారు. పద్దెనిమిదేళ్లప్పుడు గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాచాయి. కోరిక పోయి చాలాకాలమైంది, గడ్డం గీసుకోవడం వారానికోసారికి వచ్చింది, ఎత్తు కొంచెం తగ్గారు, సీబీపీలో హిమోగ్లోబిన్ కూడా తక్కువే. రెండు ఉదయాలు 168, 181. ఎల్‌హెచ్ 19, ఎఫ్‌ఎస్‌హెచ్ 31. ఇది నిజమైన లోపం. ఈయన ‘వయసైపోయింది, ఇంకెందుకులే’ అనుకోకూడదు, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరకు వెళ్లాలి, ఎముకల డెక్సా స్కాన్ కూడా చేయించుకోవాలి.

ఇవి రెండూ కాక మూడో రకం ఉంది, దాంట్లో ఆలస్యం చేయొద్దు. టెస్టోస్టెరాన్ 150 కన్నా తక్కువ, ఎల్‌హెచ్ కూడా తక్కువ, లేదా తలనొప్పి, పక్కనుంచి వచ్చే బండి కనబడకపోవడం లాంటి చూపు తేడా. ఇలా ఉంటే ప్రోలాక్టిన్ (పిట్యూటరీ నుంచే వచ్చే ఇంకో హార్మోన్) పరీక్ష, పిట్యూటరీకి ఎమ్మారై కావాలి. ప్రోలాక్టిన్ పెంచే గడ్డలు చాలావరకు క్యాబర్గోలిన్ మాత్రలకే లొంగుతాయి, చాలామందిలో అప్పుడు టెస్టోస్టెరాన్ కూడా కోలుకుంటుంది. నొప్పులకు నెలల తరబడి ట్రమడాల్ గానీ స్టెరాయిడ్ గానీ వాడుతున్నవాళ్ల రిపోర్టు కూడా ఇలా పైన తేడా ఉన్నట్టే వస్తుంది. వాటిని మీ అంతట మీరు ఆపేయకండి, స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టరుకు మందుల చీటీ చూపించండి.

చికిత్సతో ఏం వస్తుందో కూడా ఇప్పుడే తెలుసుకోండి, ఆశ సరిగ్గా పెట్టుకోవాలి కాబట్టి. 65 దాటి, అంకె 275 కన్నా తక్కువ ఉన్న 790 మంది మీద అమెరికాలో చేసిన ట్రయల్స్‌లో లైంగిక కోరిక, సామర్థ్యం ఓ మోస్తరుగా మెరుగయ్యాయి, రక్తహీనత, ఎముక సాంద్రత మెరుగయ్యాయి, కానీ నీరసం విషయంలో పెద్ద తేడా రాలేదు. 2023లో వచ్చిన ట్రావర్స్ అనే ట్రయల్‌లో గుండె జబ్బు గానీ దాని ముప్పు గానీ ఉన్న ఐదు వేలకు పైగా మగవాళ్లను చూశారు. గుండెపోటు, పక్షవాతం పెరగలేదు, అది ఊరట. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగలడం కొంచెం ఎక్కువగా కనబడ్డాయి.

అందుకే మొదటి డోసుకు ముందు పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష), హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) తప్పనిసరి. హెమటోక్రిట్ కోసం వేరే డబ్బు కట్టక్కర్లేదు, సీబీపీలోనే పీసీవీ అని ఉంటుంది. అది 48 శాతం దాటి ఉన్నా, పీఎస్‌ఏ 4 దాటినా, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నా, గత ఆరు నెలల్లో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినా మొదలుపెట్టకూడదు. ఇంకో సంగతి, పెళ్లి ఆలస్యమై యాభైల్లో బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు చెవిన పెట్టండి. బయటినుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే పైనుంచి వచ్చే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆగిపోతాయి, వీర్యకణాలు సున్నాకు కూడా పడిపోవచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇది మందు కాదు, వాళ్లకు వేరే దారి ఉంది.

జెల్, రెండు వారాల ఇంజెక్షన్, మూడు నెలల ఇంజెక్షన్, వీటిలో ఎవరికేది, ఏ రోజున మళ్లీ రక్తం ఇవ్వాలి అనేది నాలుగో పాఠం. అప్పటికి ఒక నోట్‌బుక్‌లో శాంపిల్ తీసిన టైమ్, తిన్నారా లేదా, యూనిట్‌తో సహా రెండు ఉదయాల అంకెలు, ఎల్‌హెచ్, పీసీవీ, పీఎస్‌ఏ, వాడుతున్న మందులన్నీ రాసి ఉంచండి. రెండో ఉదయం పరీక్ష చేయించనివాళ్లు ముందు అది చేయించండి.