గుణుపురం వైపు రెసిస్టివిటీ సర్వేకి బయలుదేరే ముందు

రెసిస్టివిటీ సర్వే అంటే నేలలో మేకులు దిగ్గొట్టి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలవడం. వంశధార ఒడ్డున వంతెన పునాదికి ఈ నేల పరీక్ష అంటే ముందు చూడాల్సింది మిషన్ కాదు, కాళ్లకున్న చెప్పులు. పొడి రబ్బరు బూట్లు లేనివాళ్లు మేకుల దగ్గరికి రావొద్దు. కరెంటు మేకుల మధ్య వందల వోల్టులు ఉండొచ్చు. చివరి మేకు దగ్గర ఒక మనిషి కాపలా ఉండాలి. "ఆపేశాం" అన్న కేక వినబడ్డాకే చెయ్యి వేయాలి. మేకలు కాసే పిల్లలు తీగ లాగి చూస్తారు. వాళ్లకు చెప్పేందుకు ఒడియాతో పాటు సవర కూడా వచ్చినవాణ్ణి వెంట పెట్టుకోండి.

ఉప్పు మరవొద్దు. ఎండాకాలంలో ఎర్రమట్టి రాయిలా ఉంటుంది, మేకు చుట్టూ ఉప్పునీళ్లు పోస్తే తప్ప రీడింగ్ నిలకడగా రాదు. ఒకసారి మరిచిపోయి టీకొట్టులో అడుక్కున్నాం!

రైలు పట్టాలు, ఇనుప కంచె, పూడ్చిన పైపుల పక్కనే వాటి వెంబడి లైను వేయొద్దు.

వెన్నర్ పద్ధతిలో, అంటే నాలుగు మేకులు ఒకే వరుసలో సమాన ఎడంలో పాతినప్పుడు, చూసే లోతు మేకుల ఎడంలో దాదాపు సగం. 20 మీటర్ల లోతు కావాలంటే ఎడం 40, మొత్తం లైను 120 మీటర్లు. అంత ఖాళీ ఉందో లేదో ముందురోజే నడిచి చూడండి.

రెసిస్టివిటీ అంకె పెద్దదని రాయి అనేయకండి. పొడి ఇసుకా అలాగే చూపిస్తుంది. సైబీరియాలో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలదీ అదే తంతు, అందుకే అక్కడా బోరు వేసి సరిచూసుకుంటారు. మన దగ్గర తిరకాసు వేరు: ఖోండలైట్ (తూర్పు కనుమల్లో దొరికే రాయి) కుళ్లి బంకమట్టి అయిన చోట అంకె పడిపోతుంది, నీళ్లున్నాయని మురిసిపోతాం.

ఉరుము వినబడిందా, తీగ మిషన్ నుంచి విడదీసి జీపెక్కండి. బ్యాటరీ రాత్రే చార్జింగ్ పెట్టండి.