పాత సీరియల్‌నీ, దాని మీద వచ్చిన సినిమానీ ఒకే పూట ఇంట్లో చూపించడం ఎలా?

దసరా సెలవులకు హనుమకొండలో ఇళ్లన్నీ నిండుతాయి. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు దిగుతారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎవరో ఒకరు "అప్పట్ల అమృతం అని సీరియల్ వచ్చేది, మస్తుంటుండె. దాని మీద సినిమా గూడ తీసిండ్రు, పెట్టుర్రి" అంటారు. వెంటనే సినిమా పెడతారు. అరగంట తిరక్కుండానే పిల్లలు ఫోన్లలోకి పోతారు. "గిదేనా మీరు గంతగనం చెప్పింది?" అని అడుగుతారు. పెద్దవాళ్ల దగ్గర జవాబుండదు. సినిమాతో పాటు సీరియల్ కూడా ఆ పిల్లల దృష్టిలో పోయినట్టే, మళ్లీ ఎవరు చెప్పినా చూడరు.

ఈ తప్పు చాలా ఇళ్లలో జరుగుతోంది, అందుకే రాస్తున్నాను. మా కాలనీలో, చుట్టాల ఇళ్లలో ఇలా జంటగా చూపించే పని ఎప్పటినుంచో నాదే. పద్ధతిగా చూపిస్తే సినిమా బాగా లేకపోయినా నష్టం లేదు. అది ఎక్కడ తప్పిందో పదేళ్ల పిల్లకు కూడా తెలిసిపోతుంది, సీరియల్‌లో ఉన్న పనితనం అక్కడే కనపడుతుంది.

కావలసినవి

టీవీ, నెట్ లేదా పెన్‌డ్రైవ్, ఒక మంచి స్పీకర్. టీవీలో వచ్చే శబ్దం సీరియల్‌కు సరిపోతుంది, సినిమాకు చాలదు. ఒక్క సెట్టింగ్ మాత్రం తప్పకుండా మార్చాలి. పాత సీరియళ్ల బొమ్మ 4:3 కొలతలో, దాదాపు చదరంగా ఉంటుంది. ఇప్పటి టీవీ దాన్ని సాగదీసి తెరంతా నింపేస్తే మనుషులు పొట్టిగా, వెడల్పుగా కనపడతారు. పిక్చర్ సైజ్‌లోకి వెళ్లి 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. సినిమా మొదలయ్యేటప్పుడు సెట్టింగ్ మళ్లీ మార్చడం మర్చిపోవద్దు.

మొత్తం మూడున్నర, నాలుగు గంటల పని. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాలి. సద్దుల బతుకమ్మ రోజు వద్దే వద్దు. ఆ రోజు ఇంట్లో ఆడవాళ్లంతా పూలు పేర్చే హడావిడిలో ఉంటారు, వాళ్లు లేకుండా చూపిస్తే సగం ఇల్లు లేనట్టే.

జంటను ఎంచుకోవడం

సీరియల్‌లోంచి పుట్టిన సినిమానే తీసుకోవాలి. రామానంద్ సాగర్ 'రామాయణ్' పక్కన 'ఆదిపురుష్' పెడదామని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. అది ఈ లెక్కలోకి రాదు. 1987లో దూరదర్శన్‌లో మొదలైన సీరియల్, 2023లో వచ్చిన సినిమా, రెండూ రామాయణం లోంచి విడివిడిగా వచ్చినవి. ఒకటి ఇంకోదానికి రీమేక్ కాదు. పైగా మాట దేవుడి మీదికి, భక్తి మీదికి పోతుంది, సినిమా సంగతి పక్కకు పోతుంది. 'బ్యోమకేశ్ బక్షీ'ది కూడా అదే సంగతి. 1993 సీరియల్‌కీ, 2015 సినిమాకీ మూలం శరదిందు బంద్యోపాధ్యాయ్ రాసిన కథలే.

తెలుగు ఇంట్లో మొదటిసారి చూపించేవాళ్లకు 'అమృతం'ని మించిన జంట లేదు. హోటల్ నడిపే ఇద్దరు మిత్రుల కథగా గుణ్ణం గంగరాజు రూపొందించిన ఈ సీరియల్ 2001లో జెమినీ టీవీలో మొదలై 300 ఎపిసోడ్లు దాటింది. ఆయనే 2014లో దాని మీద 'చందమామలో అమృతం' అనే సినిమా తీశారు. మనిషి ఒకరే, పాత్రలు అవే, అయినా ఫలితం వేరు. అందుకే ఇది అంత మంచి పాఠం. హిందీ అలవాటున్న ఇళ్లలో 'ఆఫీస్ ఆఫీస్' పెట్టొచ్చు, దాని సినిమా 2011లో వచ్చింది. ఇంగ్లిష్ చూసే కుర్రాళ్లుంటే 'మిషన్ ఇంపాజిబుల్'. అది 1966 నుంచి 1973 దాకా అమెరికాలో నడిచిన టీవీ సీరియల్ అని మన కుర్రాళ్లలో చాలామందికి తెలియదు, టామ్ క్రూజ్‌తోనే పుట్టిందనుకుంటారు.

ఏ ఎపిసోడ్ చూపించాలి?

పని చెడేది ఇక్కడే. మిగతా అంతా అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది గానీ ఎపిసోడ్ తప్పుగా ఎంచుకుంటే మధ్యాహ్నమంతా వృథా. కాబట్టి ఇది తొందర లేకుండా చదవండి.

మొదటి ఎపిసోడ్ పెట్టొద్దు. అందరూ చేసే తప్పు అదే. మొదటి ఎపిసోడ్ పని పరిచయం చేయడం. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి ఉద్యోగం ఏమైంది, హోటల్ ఎలా మొదలైంది, ఇదంతా చెప్పుకోవాలి. నటులు కూడా ఇంకా పాత్రలో కుదురుకోరు. మీకు అది ఇష్టం కావచ్చు, ఎందుకంటే తర్వాత వచ్చే 300 మీ బుర్రలో ఉన్నాయి. పిల్లలకు అవి లేవు.

చివరి ఎపిసోడ్, పండగ స్పెషల్, ఊరు దాటి బయట తీసినవి కూడా వద్దు. నడిమధ్య ఎపిసోడ్ తీసుకోండి. పెద్ద సంఘటన ఏదీ ఉండకూడదు. ఇల్లు, హోటల్, ఓనరు, అంతే. మిత్రులు అమృతరావు (అమృతం), ఆంజనేయులు (అంజి) ఒక ఎత్తు వేస్తారు, అది తిరగబడుతుంది, ఇంటి ఓనరు అప్పాజీ వస్తాడు, హోటల్‌లో పనిచేసే సర్వం ఏదో ఒకటి అంటాడు. అంత మామూలుగా ఉండాలి.

ఒకటి కాదు, రెండు ఎపిసోడ్లు చూపించాలి. ఇదే అసలు కిటుకు. సీరియల్‌కు రుచి వచ్చేది కొత్తదనంతో కాదు, మళ్లీ రావడంతో. మీరు ముందు చూపించిన ఎపిసోడ్‌లో అప్పాజీ ఒక ఇంటి ఓనరు, అంతే. రెండోదానికి ఆయన వస్తాడని మనం ముందే ఎదురుచూస్తాం. మా చిన్నాన్న ఇంట్లో చూపించినప్పుడు రెండో ఎపిసోడ్‌లో తలుపు చప్పుడు కాగానే, తెర మీద మనిషి ఇంకా కనపడకముందే, ముందు వరుసలో బోర్లా పడుకున్న పాప "అప్పాజీ వచ్చిండు!" అని లేచి కూర్చుంది. బాపమ్మ వెనక నుంచి "మన ఓనర్ లెక్కనే ఉన్నడు బిడ్డా" అన్నది. ఆ లేచి కూర్చోవడం రెండో ఎపిసోడ్‌లో రావాలి. అది రాకుండా సినిమా మొదలుపెట్టకండి. అవసరమైతే సినిమా మరో రోజుకు వాయిదా వేయండి.

మూడు మాత్రం వద్దు. మూడోదానికి సినిమా మీద ఆశ తగ్గి, సీరియలే చాలనిపిస్తుంది. పోల్చుకోవాలంటే సినిమా మీద కూడా ఆకలి ఉండాలి.

రెండు ఎపిసోడ్లలోనూ ఒకే అమృతం ఉండాలి. మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్ ఆ పాత్ర వేశారు. చూసినవాళ్లకు అది పెద్ద విషయం కాదు. కొత్తగా చూసే పిల్లలకు ఒక ఎపిసోడ్‌లో ఒకరు, ఇంకోదాంట్లో ఇంకొకరు అయితే సగం సమయం "ఈయన ఎవరు?" అనడానికే పోతుంది. అంజిగా గుండు హనుమంతరావు గారున్న ఎపిసోడే ఉండాలి. ఆ విషయంలో నేను రాజీ పడను. ఆయన బిత్తరచూపు చూడకుండా సినిమాలో అంజిని చూస్తే ఏం పోయిందో తెలిసే దారి లేదు.

టైటిల్ పాట ముందుకు జరపకండి. రెండు ఎపిసోడ్లకూ రెండుసార్లూ పూర్తిగా రానివ్వండి. రెండోసారికి పిల్లలు "ఒరేయ్ ఆంజనేయులూ" అని అందుకుంటారు.

'బెస్ట్ కామెడీ సీన్స్' అని యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. అవి చూపించి సీరియల్ చూపించామనుకునేవాళ్లున్నారు. చాలా నష్టం చేసే పద్ధతి అది. జోకు పేలడానికి ముందు పది నిమిషాలు అమృతం తన ఎత్తును ఎంత నమ్మకంగా భార్య సంజీవనికి చెప్పాడో తెలియకపోతే, అది బెడిసినప్పుడు వచ్చే నవ్వు సగమే. ముక్క చూసి పిల్లలు నవ్వుతారు, మరుసటి ముక్కకు పోతారు, ఏమీ మిగలదు.

ముందు సినిమా, తర్వాత సీరియల్ చూపించాలని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. చెడ్డది ముందు చూస్తే మంచిది ఇంకా బాగుంటుందని వాళ్ల లెక్క. ఆ లెక్క నిలబడదు. సినిమా సెట్టింగుల తర్వాత రెండు గదుల్లో తీసిన సీరియల్ పేదగా కనపడుతుంది, పిల్లలు లేచిపోతారు. చిన్నదాన్ని ముందు చూసినవాడికే పెద్దది ఎక్కడ పలచబడిందో కనపడుతుంది. సర్వపిండి గిన్నెకు అద్దితేనే అంచుల్లో కరకర వస్తుంది, ఇంటిల్లిపాదికీ ఒకేసారి అవుతుందని పెద్ద పెనం మీద పరిస్తే మధ్యలో పచ్చిగా ఉంటుంది. ఇరవై నిమిషాల ఎపిసోడ్‌ను రెండు గంటలకు పరిచినప్పుడు జరిగేదీ అదే.

మధ్యలో అరగంట

చాయ్, గుడాలు. మురుకులు, కరకరలాడేవి ఏవీ వద్దు. తినడం సినిమా మొదట్లోకి సాగితే మాటలు వినపడవు. ఈ అరగంటలో సినిమా గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. "బాగుండదు గానీ చూడండి" అని మామయ్యలు తప్పకుండా అంటారు, ముందే చెప్పి ఆపండి. తీర్పు ముందే చెబితే ఎవరూ చూడరు, ఎదురుచూస్తూ కూర్చుంటారు.

సినిమా

మధ్యలో ఆపకండి. విసుగొచ్చిన చోట విసుగు రావాలి. ఎక్కడొచ్చిందో వాళ్లే గుర్తుపెట్టుకుంటారు. 'చందమామలో అమృతం'లో అమృతం పాత్రకు అవసరాల శ్రీనివాస్, అంజికి హరీష్ వచ్చారు. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి అలాగే ఉన్నారు. ఇద్దరు మిత్రులనూ చంద్రమండలానికి తీసుకెళ్లారు. ఇక్కడ పెద్దవాళ్లు నిట్టూరుస్తారు. నిట్టూర్చనివ్వండి గానీ వ్యాఖ్యానం మొదలుపెట్టనివ్వకండి.

తర్వాత మాట్లాడటం

"ఏది బాగుంది?" అని అడగొద్దు. సీరియల్ అని అందరూ అంటారు, అక్కడితో ముగుస్తుంది. "సీరియల్‌లో ఉన్నది ఏది సినిమాలో లేదు?" అని అడగండి. అప్పుడు పిల్లలే చెబుతారు. ఒకరు వాకిలి అంటారు, ఒకరు వంటింటి గొడవ అంటారు. అద్దె కట్టలేని ఇంట్లోంచి వాళ్లను చంద్రుడి మీదికి పంపితే ఓనరు భయం ఏమైపోయింది? ఆ భయం మీదే కదా నవ్వంతా నిలబడింది. ఇది మీరు చెప్పకూడదు, వాళ్ల నోటి నుంచి రావాలి.

ఇతర జంటలకు కూడా ఇదే ప్రశ్న పనిచేస్తుంది. 'ఆఫీస్ ఆఫీస్'లో ప్రతి వారం ఆఫీసు మారుతుంది, లోపల కూర్చున్న వాళ్లు మాత్రం వాళ్లే. సమోసా తింటూ భాటియా, నోట్లో పాన్‌తో శుక్లా, వాళ్ల ముందు పంకజ్ కపూర్ వేసిన ముసద్దీలాల్. కొత్త ఆఫీసు తలుపు తీసిన ప్రతిసారీ అవే ముఖాలు కనపడటమే ఆ సీరియల్‌కు ప్రాణం. సినిమాకు ఒకే కథ కావాలి, అందుకే పింఛను కోసం బతికే ఉన్నానని నిరూపించుకునే పెద్దమనిషి కథ తీసుకున్నారు. తీసుకున్న విషయం గట్టిదే. కానీ వారం వారం తలుపు తెరిచే ఆ ఎదురుచూపు పోయింది.

'మిషన్ ఇంపాజిబుల్' కాస్త కష్టమైన జంట, ఎందుకంటే 1996 సినిమా బాగా ఆడింది, కుర్రాళ్లకు నచ్చుతుంది. వాళ్లతో వాదించకండి. పీటర్ గ్రేవ్స్ వేసిన జిమ్ ఫెల్ప్స్ ఉన్న ఎపిసోడ్లు రెండు ముందు చూపించండి. టేపులో ఆదేశం వింటాడు, అది పొగై పోతుంది, తన మనుషులను పోగు చేసుకుంటాడు, తలా ఒక పని, ఎవరూ హీరో కాదు. సినిమాలో అదే జిమ్ ఫెల్ప్స్ ద్రోహిగా తేలుతాడు, జట్టు పోయి టామ్ క్రూజ్ ఒక్కడు మిగులుతాడు. రెండు ఎపిసోడ్ల పాటు ఫెల్ప్స్‌ను నమ్మినవాడికి ఆ దెబ్బ ఎలా తగులుతుందో కుర్రాళ్ల ముఖాల్లోనే కనపడుతుంది. మంచి సినిమా వేరు, మంచి రీమేక్ వేరు అని వాళ్లకు తెలిసేది ఈ ఒక్క జంటతోనే.

'వైల్డ్ వైల్డ్ వెస్ట్' నేను ఇళ్లలో పెట్టను. 1965 నాటి సీరియల్ మీద 1999లో విల్ స్మిత్‌తో తీశారు. ఆ ఏటి చెత్త సినిమాగా రాజ్జీ (Razzie) అవార్డు వస్తే, పాత సీరియల్ హీరో రాబర్ట్ కాన్రాడ్ తానే వెళ్లి అందుకున్నాడు. ఆ మాట చెబితే చాలు, పెద్ద ఇనుప సాలీడును రెండు గంటలు చూడాల్సిన పని లేదు.

ఒకసారి నిరాశపరిచే జంట చూపించాక తర్వాతిసారి మంచిది చూపించాలి. లేకపోతే సీరియల్ మీద తీసిన సినిమా అంటేనే చెడ్డదని పిల్లలు స్థిరపడిపోతారు. 'ది ఫ్యుజిటివ్' పెట్టండి. సీరియల్ 1963 నుంచి 1967 దాకా నడిచింది, సినిమా 1993లో హారిసన్ ఫోర్డ్‌తో వచ్చింది. చేయని హత్యకు పారిపోతున్న డాక్టరు, ఒంటి చేయి మనిషి, వెంటపడే అధికారి, ఈ మూడింటినీ వదలకుండా పట్టుకున్నారు. వెంటపడే అధికారిగా టామీ లీ జోన్స్‌కు ఆస్కార్ వచ్చింది. సినిమా నిలబడటానికి ఏది ఉంచుకోవాలో అది చూస్తే తెలుస్తుంది.

రాత్రి అన్నాలయ్యాక పిల్లలు ఇంకో ఎపిసోడ్ అడుగుతారు. అప్పుడు మొదటి ఎపిసోడ్ నుంచి వరుసగా పెట్టొచ్చు. అడగకపోతే మీరు పెట్టకండి. పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాల్సిన చుట్టాలుంటే పేరు రాసిచ్చి పంపండి, యూట్యూబ్‌లో దొరుకుతుంది. 4:3 సెట్టింగ్ సంగతి కూడా అదే కాగితం మీద రాయండి.