తాటాకు కట్టకి కార్డు రాయడం, 4వ పాఠం: మొదటి ఆకుని నమ్మొద్దు

పోయిన పాఠం చివర ఒక కట్ట ఫోటోలు ఇచ్చి లైబ్రరీ కేటలాగు కార్డు రాయమన్నాను. వచ్చిన కార్డుల్లో ఎక్కువవాటి మీద "ఆదిపర్వం" అని ఉంది. ఆ కట్ట ద్రోణపర్వం. తప్పులో సగం నాదే, మొదటి ఆకు ఫోటోనే పైన పెట్టాను. ఈసారి అక్షరాల తీరు చూసి వయసు కట్టడం చెప్దామనుకున్నాను గానీ అది వాయిదా. ముందు ఇది తేలాలి.

అంతకన్నా ముందు ఒక చిన్న విషయం. కొందరు "భాష: తెలుగు" అని రాశారు. లిపి తెలుగు, భాష సంస్కృతం. పుణెలో భండార్కర్ సంస్థవాళ్ళు 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన మహాభారత పరిష్కరణలో (ప్రతులన్నీ పోల్చి పాఠం తేల్చే పని) తెలుగు లిపి ప్రతులకి 'టి', గ్రంథ లిపివాటికి (తమిళనాట సంస్కృతం రాసే లిపి) 'జి', మలయాళానికి 'ఎం' అని గుర్తులు పెట్టుకున్నారు. లిపి గడి తప్పు పడితే ఆ ప్రతి ఏ గుంపుదో వెతికేవాళ్ళకి తెలియదు.

ఇక అసలు గొడవ. మొదటి ఆకు మీద ఉన్నది ఇది:

నారాయణం నమస్కృత్య నరం చైవ నరోత్తమమ్ ।
దేవీం సరస్వతీం చైవ తతో జయముదీరయేత్ ॥

చూడగానే మీ చెయ్యి "ఆదిపర్వం" అని రాసేసింది. అయ్యా, ఏ పర్వం రాయబోయినా ముందు ఈ శ్లోకం పెట్టుకున్న లేఖకులు బోలెడుమంది. చిన్న మార్పుతో ఇదే శ్లోకం భాగవతం ప్రథమ స్కంధంలోనూ ఉంది. అంటే దీన్ని బట్టి పర్వం పేరు సరే, అసలు అది భారతమో కాదో కూడా చెప్పలేం. "శుక్లాంబరధరం" కనిపిస్తే మరీ కష్టం, దానితో మొదలుకానిది ఏముంది?

దీని మీద నాకు ఇంత విసుగెందుకంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లైబ్రరీ పాత రిజిస్టరులో "ఆదిపర్వం" అని ఏడు కట్టలు చూశాను. విప్పితే నిజంగా ఆదిపర్వం రెండే. మిగతావాటిలో శల్యపర్వం ఒకటి. దాని కోసం వచ్చినవాళ్ళని "మా దగ్గర లేదండీ" అని పంపించేశాం. అది బీరువాలోనే ఉంది.

పేరు దొరికేది అధ్యాయం చివర, పుష్పికలో, అంటే ఇది ఫలానా గ్రంథంలో ఫలానా భాగం అని చెప్పే ముగింపు వాక్యంలో. మీ కట్టలో 12వ ఆకు రెండో వైపు నాలుగో వరుస చూడండి: "ఇతి శ్రీమహాభారతే... ద్రోణపర్వణి". తాటాకు మీద మాటల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి కన్ను జారిపోతుంది. "ఇతిశ్రీ" అన్న మూడక్షరాల ముద్ద కోసం వెతకండి, ఆ తర్వాత "పర్వణి" దగ్గర ఆగి, దాని ముందున్న మాట చదవండి. నేనైతే కట్టని వెనక నుంచే విప్పుతాను. చివరి ఆకులు పోయి ఉంటే మధ్యలో మూడు చోట్ల చూస్తాను. ఒక్క పుష్పికతో సరిపెట్టుకోవద్దు, రెండు గ్రంథాల ఆకులు ఒకే దారానికి ఎక్కిన కట్టలు కొల్లలు.

"ఆదిపర్వణి సంభవపర్వణి" అని రెండుసార్లు వస్తే మొదటిది పెద్ద పర్వం, రెండోది ఉపపర్వం. "సంభవపర్వణి" ఒక్కటే ఉంటే కంగారు పడకండి. దక్షిణాది ప్రతుల్లో 18 బదులు 24 పర్వాల లెక్క కనిపిస్తుంది, అందులో ఆదిపర్వమే ఆది, ఆస్తీక, సంభవ అని మూడు. ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన 18 పర్వాల లెక్కలో ఏదో రాయండి. భీష్మపర్వం మధ్యలో తెరిచి "శ్రీమద్భగవద్గీతాసూపనిషత్సు" చూసి "భగవద్గీత" అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు. ముందూ వెనకా నాలుగేసి ఆకులు తిప్పండి.

కొలతలు, రంధ్రాలు చెప్పను, స్కేలు మీ దగ్గరే ఉంది. గ్రంథసంఖ్య మాత్రం వెయ్యాలి. 32 అక్షరాలు, అంటే ఒక శ్లోకమంత, ఒక గ్రంథం. మీ కట్ట 148 ఆకులు, వైపుకి 7 వరుసలు, వరుసకి సుమారు 52 అక్షరాలు. 148×2×7×52ని 32తో భాగిస్తే 3,367. ద్రోణపర్వానికి భారతంలోని పర్వసంగ్రహమే (ఏ పర్వంలో ఎన్ని శ్లోకాలో చెప్పే భాగం) చెప్పిన లెక్క 8,909 శ్లోకాలు. "సమగ్రం" అని టిక్కు పెట్టినవాళ్ళు ఆ టిక్కు ఇప్పుడే కొట్టేయండి.

అభ్యాసం: కార్డు మళ్ళీ రాయండి, పెన్సిలుతోనే. చివరి ఫోటోలో లేఖకుడు ప్లవ నామ సంవత్సరం, మాసం, తిథి, వారం రాశాడు, శకం రాయలేదు. ప్లవ 60 ఏళ్ళకోసారి వస్తుంది: 1781, 1841, 1901. తిథికి వారం ఏ ఏడు కుదురుతుందో పాత పంచాంగం చూసి తేల్చండి. ఒకటి కన్నా ఎక్కువ కుదిరితే అన్నీ రాయండి. ఊహించి ఒకటి రాసిన కార్డు వెనక్కి వస్తుంది.