పాత సీడీ గేమ్ విండోస్ 10లో తెరుచుకోకపోతే: నా అనుభవం

కాలేజీ రోజుల్లో కొన్న స్ట్రాటజీ గేమ్ సీడీ ఇది. గీతల్లేవు, ఇన్‌స్టాల్ కూడా చక్కగా అయింది. తీరా ఐకాన్ నొక్కితే డ్రైవ్ కాసేపు గిర్రున తిరిగి ఆగిపోతుంది. కనీసం ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా, అడ్మిన్‌గా రన్ చేసినా అదే కథ.

సీడీలోని ఫైళ్లు చూస్తే 00000001.టీఎంపీ అని ఒకటి కనిపించింది. అది సేఫ్‌డిస్క్ అనే, సీడీని కాపీ చేయకుండా ఆపే రక్షణకు గుర్తు. ఈ పద్ధతిలో సీడీ మీద కావాలనే పాడు సెక్టార్లు (సరిగా చదవలేని డేటా ముక్కలు) పెడతారు. మామూలు కాపీలో అవి సరిగా రావు. అసలుదా, కాపీదా అని తేల్చే డ్రైవర్ కెర్నెల్ స్థాయిలో, అంటే విండోస్ లోపలి గుండెకాయలో నడుస్తుంది. అందులో భద్రతా లోపాలు బయటపడటంతో 2015లో వచ్చిన విండోస్ 10లో దాన్ని ఉంచలేదు. అదే ఏడాది సెప్టెంబరులో విండోస్ 7, 8లలోనూ ఆపేశారు. అంటే డబ్బు పెట్టి కొన్నవాడికే తాళం పడింది!

పాత డ్రైవర్‌ను బలవంతంగా ఎక్కించే చిట్కాలున్నాయి గానీ, బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో ఆ టెన్షన్ నాకెందుకు? సీడీ తనిఖీని తప్పించే నో-సీడీ క్రాక్‌ల జోలికీ పోలేదు. అదే గేమ్ డీఆర్‌ఎం (ఇలాంటి కాపీ తాళాలు) లేకుండా జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో దొరికితే డిస్కౌంట్‌లో కొన్నాను. రెండోసారి డబ్బు కట్టడం మాత్రం ఒళ్లు మండే విషయమే.

ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చేసి, వైఫై ఆపేసి మరీ ఇన్‌స్టాల్ చేశాను. లాగిన్ అడగలేదు. పాత సేవ్ ఫైళ్లు కొత్త ఫోల్డర్‌లో వేస్తే తెరుచుకున్నాయి. ఇన్‌స్టాలర్ కాపీ ఒకటి పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాను. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ రాదు, ఆ సర్వర్లు ఎప్పుడో మూసేశారు. ల్యాన్‌లో, అంటే ఇంట్లోని కంప్యూటర్లను కలిపి మాత్రం ఆడుకోవచ్చు.