ఫ్లై లైన్ ముందుకు పోవట్లేదా? రాడ్‌ని తిట్టే ముందు మీ అరచేతులు చూసుకోండి

అండమాన్ సీజన్ మొదలైతే చాలు, నా ఫోన్ మోగడం మొదలవుతుంది. బెజవాడ, గుంటూరు నుంచి ఫ్లై రాడ్ (ఫ్లై అనే తేలికపాటి ఎరని, పూత ఉన్న బరువైన ఫ్లై లైన్ సాయంతో విసిరి చేపలు పట్టే కర్ర) పట్టుకుని వెళ్లేవాళ్లు పదేళ్ల కిందట వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, ఇప్పుడు కాస్త పెరిగారు, సంతోషమే. కానీ అందరిదీ ఒకటే మాట. "అన్నయ్యా, మొదటి రోజు బ్రహ్మాండంగా వెళ్లింది, మూడో రోజుకి పన్నెండు మీటర్లు కూడా పోవట్లేదు, రాడ్ పోయినట్టుంది." రాడ్ పోలేదయ్యా. లైన్ తుడిచావా అని అడిగితే అవతల నుంచి చప్పుడుండదు. మొన్నీమధ్య ఒకతను లైన్ తుడవకుండానే కొత్త రాడ్ కొనేసి, దాంతో కూడా పోవట్లేదని మళ్లీ ఫోన్ చేశాడు.

కాస్టింగ్, అంటే లైన్ విసరడం, ఎలా చెయ్యాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. సూర్యలంక బీచ్‌లో ఎదురుగాలిలో పద్దెనిమిది, ఇరవై మీటర్లు వేయగలిగినవాళ్లు ద్వీపంలోకి వెళ్లాక ఎందుకు వేయలేకపోతున్నారో, అది మాత్రమే చెప్తాను.

లక్షణం: లైన్ రాడ్ మీది రింగుల్లో ఆగిపోతోంది, గాల్లో బాగానే తిరుగుతోంది కానీ వదిలాక జారట్లేదు

ముందు సిగ్గుపడకుండా రింగులు లెక్కపెట్టండి. లైన్ ఎక్కించేటప్పుడు ఒక రింగు తప్పించడం, లేదా రెండు రింగుల మధ్య రాడ్‌కి ఒక చుట్టు చుట్టేయడం అందరూ చేస్తారు, నేను కూడా పోయినేడు చేశాను, తెల్లారకుండా పడవలో టార్చి వెలుగులో ఎక్కిస్తే అంతే మరి. రాడ్ ముక్కలు సరిగ్గా ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా ఒక కన్ను మూసి చూసుకోండి. రింగుల మీద ఉప్పు తెల్లగా కట్టి ఉంటే తడి గుడ్డతో తుడవండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు లైన్ సంగతి. పాత నూలు లుంగీ ముక్క తడిపి, రెండు వేళ్ల మధ్య పెట్టి, లైన్‌ని దాంట్లోంచి లాగండి. గుడ్డ మీద నల్లటి గీత పడితే అది మురికి, ఉప్పు, ఇసుక. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు ఒంటికి వాడే లిక్విడ్ సబ్బు వేసి అరగంట నానబెట్టి, తుడిచి, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెడితే సగం మంది సమస్య అక్కడితో అయిపోతుంది. బట్టల పొడి వాడొద్దు, పూత మీదున్న జారుడు గుణాన్ని కూడా కడిగేస్తుంది.

తుడిచాక కూడా జిగురుగా ఉందా? అయితే కింద రాసింది జాగ్రత్తగా చదవండి, నన్ను ముంచింది ఇదే.

చేతికి రాసుకున్న దోమల మందు

మొదట నా కథ చెప్తాను. నా రెండో ట్రిప్పు, తొమ్మిదో నంబరు రాడ్ (నంబరు పెరిగేకొద్దీ రాడ్, దానికి తగ్గ లైన్ బరువైనవి), కొత్త లైన్. మొదటి రోజు పోటు దిగాక మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ వేస్తుంటే లైన్ ఎంత సాఫీగా పోయిందంటే నాకే గర్వంగా అనిపించింది. సాయంత్రానికి ఇసుక ఈగలు కాళ్లు తినేశాయి. కంటికి కూడా సరిగ్గా ఆనవు, కుట్టినచోట మాత్రం వారం రోజులు గోక్కోవాలి. దాంతో రెండో రోజు పొద్దున్నే కాళ్లకీ చేతులకీ మెడకీ దోమల మందు దట్టంగా పూసుకుని పడవెక్కాను. ఆ రోజు కొంచెం బరువుగా ఉంది అనుకున్నా. మూడో రోజు మధ్యాహ్నానికి నలభై అడుగులు కూడా పోవట్లేదు, కళ్ల ముందు పార చేపల గుంపు నీటి అంచున చిన్న చేపల్ని తరుముతోంది, నా ఫ్లై వాటికి రెండు బారల ఇవతల పడుతోంది. భుజం పట్టేసిందనుకున్నా. గాలి అనుకున్నా. వయసు అని కూడా అనుకున్నా, అప్పటికి నలభై కూడా లేవు.

పట్టేసింది మా పడవాయన. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్ మనిషి, అక్కడ తెలుగు జాలరి కుటుంబాలు చాలానే ఉన్నాయి, ఈయన పెద్దలది శ్రీకాకుళం వైపు. నా ఫ్లైల పెట్టె అందుకుని మూత ఎండకి అటూఇటూ తిప్పి చూశాడు. "ఏటి బాబూ, నీ చేతిలో యాసిడ్ ఏటైనా ఉందేటి? మూత మీద ఏలిముద్రలు అచ్చు పడిపోనాయి." తీసుకుని చూస్తే నిజమే. పారదర్శకమైన ప్లాస్టిక్ మూత మీద నా బొటనవేలి గీతలు ఆధార్ కార్డుకి వేసినట్టు స్పష్టంగా దిగబడి ఉన్నాయి, అక్కడ ప్లాస్టిక్ మసకబారి గరుకుగా అయిపోయింది. చలవ కళ్లద్దాల కాడ కూడా చేతికి అంటుకుంటోంది. అప్పుడు లైన్‌ని గోళ్ల మధ్య పట్టుకుని లాగాను. సైకిల్ ట్యూబుకి రాసిన సొల్యూషన్ సగం ఆరినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

దోమల మందుల్లో చాలావాటిలో ఉండేది డీట్. అమెరికా సైన్యం కోసం 1946లో తయారైంది, 1957 నుంచి మామూలు జనానికి కూడా వచ్చింది. దోమల మీద బాగా పనిచేస్తుంది, అందులో తిరుగులేదు, వాడొద్దని నేను అనట్లేదు. కానీ అది ప్లాస్టిక్కుల్ని కరిగిస్తుంది. మన ఫ్లై లైన్ లోపల దారం ఉన్నా, పైన పూత సాధారణంగా పీవీసీయే. అరచేతికి అంటిన మందు, లైన్ లాగిన ప్రతిసారీ ఆ పూతలోకి కొంచెం కొంచెం దిగుతుంది. పూత మెత్తబడి జిగురుగా అవుతుంది, ఆ జిగురుకి ఇసుక పట్టుకుంటుంది, ఆ ఇసుక రింగుల్ని గీస్తుంది. అలాగే వాడుతూ పోతే తర్వాత పూతలో సన్నటి చీలికలు వస్తాయి.

ఇది దొంగలా దాక్కునే కారణం, మందు రాసుకున్న గంటలో తెలియదు. రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటికి మీకు ఒళ్లు నొప్పులు ఎలాగూ ఉంటాయి కాబట్టి తప్పు మీ చెయ్యిదే అనుకుంటారు. పైగా డీట్ నైలాన్‌ని ఏమీ చెయ్యదు, నూలునీ ఉన్నినీ కూడా చెయ్యదు. అందుకని నైలాన్ లీడర్ (లైన్ కొసకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం) కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, ముడులు గట్టిగా ఉంటాయి, చొక్కా బాగుంటుంది. అన్నీ బాగున్నాయి కదా, ఇక రాడ్డే పాడై ఉండాలి అని లెక్క తేలుస్తారు.

తేల్చుకోవడం ఇలా. రీల్ నుంచి లైన్ అంతా, బ్యాకింగ్ (ఫ్లై లైన్ వెనక రీల్‌కి చుట్టిన సన్న దారం) కనిపించేదాకా, శుభ్రమైన చాప మీదకి లాగండి. ఫ్లై లైన్ దాదాపు ముప్పై మీటర్లు ఉంటుంది, అందులో అడుగున ఉన్న చివరి నాలుగైదు మీటర్లు మీ చేతిలోకి ఎప్పుడూ వచ్చి ఉండవు. ఆ భాగాన్ని గోళ్ల మధ్య లాగి చూడండి, తర్వాత మీరు రోజంతా ఎడంచేత్తో లాగే భాగాన్ని లాగి చూడండి. అడుగుది గాజులా జారి, ముందుది పట్టేస్తే తప్పు మీ చేతులది. రెండూ ఒకేలా పట్టేస్తే మందు కాదు, కింద చెప్పబోయే ఎండ సంగతి. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేవాళ్లు మాంజా అంతా వేళ్లతో తడిమి చూసుకుంటారు, వేల రూపాయల లైన్‌కి ఆ మాత్రం మర్యాద చెయ్యరేం?

మందు అంటిన రోజే గుర్తిస్తే సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, మంచినీళ్లతో తొలిపి, ఆరాక లైన్ జారడానికి పూసే డ్రెస్సింగ్ పట్టించండి. చాలావరకు తేరుకుంటుంది. రెండుసార్లు కడిగాక కూడా జిగురు పోకపోతే ఆ లైన్ అయిపోయినట్టే, కరిగిన పూత మళ్లీ గట్టిపడి మొదటిలా అవ్వదు. పౌడర్ రాస్తే ఆ పూటకి జారుతుందని ఎవరైనా చెప్తే వినకండి, పొద్దెక్కేసరికి పిండి ముద్ద అవుతుంది. అందుకే ద్వీపానికి వెళ్లేటప్పుడు రెండో లైన్ తప్పనిసరి. అక్కడి కొట్లలో దొరుకుతుందని ఆశపడొద్దు.

మళ్లీ రాకుండా ఉండాలంటే పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, మెడకి గుడ్డ, వేళ్ల చివర్లు తెరిచి ఉండే ఎండ గ్లౌజులు వేసుకోండి. ఒళ్లు కప్పుకుంటే మందు రాసే చోటే తగ్గిపోతుంది. రాయాల్సిన చోట అరచేతితో కాకుండా చేతి వెనకభాగంతో రాసుకోండి, మొదట్లో కోతి చేష్టలా ఉంటుంది, అలవాటవుతుంది. తర్వాత సబ్బుతో చేతులు కడగండి, సబ్బు లేకపోతే తడి ఇసుకతో బాగా రుద్దుకోండి. అసలు మందు కొనేటప్పుడే వెనక చీటీ చదవండి, డీట్ బదులు ఇకారిడిన్ ఉన్నది దొరికితే అది తీసుకోండి, అది ప్లాస్టిక్‌ని పాడుచెయ్యదు. సన్‌స్క్రీన్‌తో కూడా ఇదే జాగ్రత్త, ముఖ్యంగా స్ప్రే రకం. పడవలో పక్కవాడు ఒంటికి కొట్టుకుంటుంటే గాలికి సగం వచ్చి కింద చుట్టలుగా ఉన్న మీ లైన్ మీద పడుతుంది, ఒకసారి మా బావమరిదికి దీని గురించి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. పడవ అడుగున ఒలికిన పెట్రోలు కూడా అంతే ప్రమాదం. లైన్ కింద పడేసే ముందు ఆ చెక్కని ఒకసారి కడిగించండి.

లక్షణం: లైన్ అంతా మెత్తగా వేలాడుతోంది, లేదా స్ప్రింగులా చుట్టలు తిరుగుతోంది

వేలాడితే అది చల్లటి ఊళ్ల కోసం చేసిన లైన్. విదేశాల నుంచి వచ్చిన చుట్టమెవరో ట్రౌట్ అనే చల్లటి నీళ్ల చేపకి వాడే లైన్ తెచ్చిస్తారు, దాన్ని ఎండలో వేస్తే ఉడికిన సేమ్యాలా అయిపోతుంది. దానికి వైద్యం లేదు, డబ్బా మీద ట్రాపికల్ అని ఉన్నది కొనండి. దాని లోపలి దారం, పై పూత రెండూ గట్టిగా ఉంటాయి. అదే గట్టిదనం వల్ల ఏసీ గదిలోంచి తెల్లవారుజామున తీస్తే చుట్టలు తిరుగుతుంది. ఒక కొస స్నేహితుడికిచ్చి రెండు చేతులతో మెల్లగా సాగదీసి పట్టుకుంటే నిమిషంలో దారికొస్తుంది. ఇంకో మాట, మే నెలలో బెజవాడ ఎండలో కారు డిక్కీలో రీల్ వదిలేయకండి, లైన్ అంతా ఒకేలా పట్టేసే ఎండ సంగతి అని పైన చెప్పింది ఇదే. ఎవరో చేశారని కాదు, నేనే చేశాను.

లక్షణం: చేప అందుకుంటోంది, రెండు క్షణాల్లో వదిలేస్తోంది

కాలవ గట్టు అలవాటు. చిన్నప్పటి నుంచి బందరు కాలవలో వెదురు గాలం వేసి, బెండు మునగగానే కర్ర పైకి లేపినవాళ్లం కదా, ఇక్కడా అదే చేస్తాం. సముద్రంలో రాడ్ లేపొద్దు. లేపితే రాడ్ వంగి ఆ దెబ్బంతా మింగేస్తుంది, గాలం ఆ గట్టి నోట్లో దిగదు. రాడ్ కొన నీళ్ల వైపే ఉంచి, ఎడంచేత్తో లైన్‌ని గట్టిగా ఒక లాగు లాగండి, బరువు తగిలాక ఇంకోటి. ఆ తర్వాతే రాడ్ లేపడం. గాలం మొన గోరు మీద పెట్టి చూడండి, జారిపోతే ఆకురాయి పట్టించండి.

లక్షణం: లీడర్ ఫటక్కున తెగుతోంది

తెగిన కొస చూడండి. కొస ఉంగరాలు తిరిగి ఉంటే ముడి జారింది, అంటే బిగించే ముందు ఉమ్మితో తడపలేదు. గరుకుగా, పీచుగా ఉంటే పగడపు రాళ్లకి రాసుకుంది. ప్రతి చేప తర్వాత చివరి అర మీటరు వేళ్లతో తడిమి, ఎక్కడ గరుకు తగిలినా కోసేసి కొత్తగా కట్టండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా చెయ్యరు. పెద్ద పార పరిగెత్తేటప్పుడు కాలికింద లైన్ చుట్ట ఉందో లేదో చూసుకోవడం కూడా ఇందులో భాగమే.

రీల్ డ్రాగ్ (చేప లాగేటప్పుడు లైన్‌ని అదుపుగా వదిలే బ్రేకు) కుదుపులతో వదులుతుంటే లోపల ఉప్పు చేరి ఉంటుంది. సాయంత్రం డ్రాగ్ బిగించి, పైపు ధారతో కాకుండా మగ్గుతో మంచినీళ్లు పోసి కడిగి, ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. ధార కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. తడిసిన బ్యాకింగ్‌ని కూడా ఇంటికొచ్చాక విప్పి కడగాలి, లేకపోతే ఆ చెమ్మ స్పూల్‌ని లోపల్నుంచి తినేస్తుంది.

రాడ్‌లో కంటికి కనపడని పగులు, తప్పు నంబరు లైన్, రీల్ షాఫ్ట్ వంకర లాంటివి ఉంటాయి, లేవని కాదు. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చినవాటిలో రాడ్ పగులు ఒక్కటే చూశాను, అది కూడా ఆటో తలుపులో పడి పగిలింది.