చదువుల ల్యాప్‌టాప్ నెమ్మదించిందా? కొత్తది కొనే ముందు ఒకసారి ఛార్జరు తీసి చూడండి

ఇంజినీరింగ్ పిల్లలు మూడో సంవత్సరంలోకి వచ్చేసరికి తల్లిదండ్రులు మా రిపేరు షాపుకు ఒకే ప్రశ్నతో వస్తారు: "రెండేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్ అసలు కదలడం లేదట, ఇప్పుడు ఏది కొంటే మంచిది?" నేను ఏ మోడల్ పేరూ చెప్పను. ముందు ఆ పాతదాన్ని తెమ్మంటాను, దాని ఛార్జరుతో సహా. వచ్చినవాటిలో చాలా వాటికి యాభై వేల ఖర్చు అవసరమే ఉండదు. అయినా ఆ ఒక్క పరీక్ష చేయకుండానే అప్పు చేసి కొత్తది కొనేస్తారు. అది చూసినప్పుడల్లా బాధేస్తుంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, ప్రాసెసర్, మెమొరీ, డిస్క్ ఈ మూడింటి అంకెలు చూడండి. ల్యాప్‌టాప్ మొరాయిస్తున్న సమయంలోనే చూడాలి, బాగా నడుస్తున్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు.

ఆన్ చేశాక ఐదు నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది, డిస్క్ 100 శాతం చూపిస్తోంది

డిస్క్ పేరు దగ్గర హెచ్‌డీడీ అని ఉంటే కారణం అదే. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంది, దాని మీద ముల్లు అటూ ఇటూ కదులుతూ వెతుక్కోవాలి. ఈనాటి విండోస్‌కు ఆ వేగం చాలదు. తిరిగే భాగాలేవీ లేని కొత్త రకం డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఇక మరేమీ ఆలోచించక్కర్లేదు. ఫార్మాట్ చేయిస్తే రెండు వారాలు బాగుంటుంది, మళ్లీ మామూలే.

ఒక్కటి తెరిస్తే బాగుంది, నాలుగు తెరిస్తే హ్యాంగ్ అవుతోంది

ఇది ర్యామ్ చాలకపోవడం. టాస్క్ మేనేజర్‌లో మెమొరీ అని కనిపించేది ఇదే. బ్రౌజరులో పది పేజీలు, ఆన్‌లైన్ క్లాసు, పక్కన యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఉంటే 8 జీబీ నిండిపోతుంది. మెమొరీ పేజీలో "స్లాట్స్ యూజ్డ్" అనే వరుస చూడండి. రెండింటిలో ఒకటే వాడుకలో ఉంటే ఖాళీ స్లాటులో ఇంకో 8 జీబీ పెట్టించుకోవచ్చు. ఆ కిందే "ఫారమ్ ఫ్యాక్టర్" దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని కనిపిస్తే ర్యామ్‌ను బోర్డుకే అతికించారని అర్థం. అప్పుడు వేరే స్లాటు ఉందో లేదో మోడల్ వివరాల్లో చూసుకోవాలి. లేకపోతే పెంచే దారి లేదు.

డిస్క్ బాగుంది, ర్యామ్ ఖాళీగా ఉంది, అయినా మౌసు బాణం కూడా ఈడ్చుకుంటూ కదులుతోంది

అసలు చెప్పాలనుకున్నది దీని గురించే. ప్రాసెసర్ పేజీలో "స్పీడ్" అంకె చూడండి. పని జరుగుతున్నప్పుడు అది పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. అలా కాకుండా ఎంత పని ఇచ్చినా 0.4 దగ్గరో 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో మేకు కొట్టినట్టు ఆగిపోయి ఉంటే, వెంటనే ఛార్జరు పిన్ను తీసేయండి. బ్యాటరీ మీద ఆ అంకె 2, 3 దాటి పైకి పోయిందా? అయితే మీ ల్యాప్‌టాప్ బాగానే ఉంది. లోపం ఛార్జరులో ఉంది, లేదా ఛార్జరు దూర్చే చోట ఉంది.

కొన్ని మోడళ్లలో ఛార్జరు తీసినా వేగం వెంటనే పెరగదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి బ్యాటరీ మీదే ఆన్ చేసి చూడండి. బ్యాటరీ ఖాళీ అయిపోయి ఉంటే అదే మోడల్ వాడే స్నేహితుడి ఛార్జరు అడిగి పెట్టండి. హాస్టల్లో అలాంటిది ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుంది? కొన్ని కంపెనీల ఛార్జరు పిన్ను లోపలికి చూస్తే నడిమధ్య సూదిలా సన్నని పిన్ను ఒకటి కనిపిస్తుంది. కరెంటు తెచ్చేది అది కాదు. ఆ ఛార్జరు 45 వాట్లదా, 65 వాట్లదా అనే సమాచారాన్ని ల్యాప్‌టాప్‌కు చేరవేయడమే దాని పని. ఆ సమాచారం అందకపోతే, ఎక్కువ లాగితే ఛార్జరు తట్టుకోలేదేమోనని ల్యాప్‌టాప్ జాగ్రత్త పడుతుంది. బ్యాటరీ ఎక్కించడం ఆపేస్తుంది, ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి దించేస్తుంది. ఛార్జరు లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది, స్క్రీను వస్తుంది, ప్రోగ్రాములు తెరుచుకుంటాయి. అందుకే ఛార్జరు మీద ఎవరికీ అనుమానం రాదు. ఆన్ చేసేటప్పుడు అడాప్టర్ రకం గుర్తించలేకపోతున్నానని చాలా మోడళ్లు హెచ్చరిక చూపిస్తాయి. పిల్లలు దాన్ని చదవకుండా ఒక మీట నొక్కి ముందుకు వెళ్లిపోతారు. దయచేసి ఆ వాక్యం చదవండి.

దీని దెబ్బ నేనూ తిన్నాను. చాలా ఏళ్ల కిందట ఒక విద్యార్థి ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఎస్‌ఎస్‌డీ మార్చాను, ర్యామ్ పెంచాను, విండోస్ కొత్తగా ఎక్కించాను. నా బల్ల మీద రెండు రోజులు చక్కగా నడిచింది. తీసుకెళ్లిన రోజు సాయంత్రమే మళ్లీ మొదటికొచ్చిందని ఫోను చేశాడు. తిరిగి తెస్తే మళ్లీ చక్కగా నడిచింది. ఇలా మూడుసార్లు తిరిగాడు. మూడోసారి అతని బ్యాగులోంచి ఛార్జరు బయటకు తీయించాను. నా బల్ల మీద ప్రతిసారీ పెట్టింది నా ఛార్జరు. అతనిది పిన్ను మెడ దగ్గర తీగ నలిగిపోయి ఉంది. ఆ అబ్బాయితో అనవసరంగా ఖర్చు పెట్టించిన డబ్బు తిరిగిచ్చేశాను. ఆ తరువాత ఛార్జరు లేకుండా తెచ్చిన ల్యాప్‌టాప్‌ను నేను తీసుకోవడం లేదు. మీరు ఎవరికి రిపేరుకు ఇచ్చినా ఛార్జరు కూడా ఇవ్వండి, దానితోనే పరీక్షించమనండి.

తీగ తెగేది దాదాపు ఎప్పుడూ మెడ దగ్గరే. మంచం మీద పడుకుని పని చేస్తే ల్యాప్‌టాప్ బరువు వంగిన పిన్ను మీద పడుతుంది. ఛార్జరు చుట్టూ తీగను బిగించి చుడితే అక్కడే మడత పడుతుంది. లోపల మధ్య పిన్నుకు వెళ్లే సన్నని తీగ ముందు తెగుతుంది, కరెంటు తీగలు ఇంకా బాగానే ఉంటాయి.

రెండో కారణం తప్పు ఛార్జరు కొనడం. పిన్ను పట్టింది కదా అని కొంటారు. లేబుల్ చదవండి: 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే గుణిస్తే 65 వాట్లు. అదే వోల్టేజీకి 2.31 ఆంపియర్లు అయితే 45 వాట్లే. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. చవక డూప్లికేట్లలో కొన్నింటికి మధ్య పిన్ను అలంకారమే, దాని వెనుక ఏ చిప్పూ ఉండదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా, ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, పెట్టి, స్పీడ్ అంకె చూశాకే డబ్బు ఇవ్వండి.

టైప్-సీ ఛార్జరు వాడేవారికీ ఇదే చిక్కు. ఫోను ఛార్జరు మీద 67 వాట్లు అని రాసి ఉన్నా, చాలా వాటిలో ఆ వాట్లు ఆ కంపెనీ ఫోనుకే. ల్యాప్‌టాప్‌కు పెడితే అందేది అందులో కొంతే. 65 వాట్లు అడిగే ల్యాప్‌టాప్‌కు ఛార్జరు లేబుల్ మీద 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న వరుస ఉండాలి.

సరైన ఛార్జరు పెట్టినా ఫలితం లేకపోతే, అదే ఛార్జరు ఇంకో ల్యాప్‌టాప్‌లో పని చేస్తుంటే, లోపం చాలావరకు ఛార్జింగ్ జాక్‌లో, అంటే ఛార్జరు దూర్చే చోట ఉంటుంది. చాలా మోడళ్లలో అది తీగతో వచ్చే విడి భాగమే, మార్చడం తేలిక. మదర్‌బోర్డు పోయిందని ఎవరైనా చెబితే, జాక్ మార్చి చూశారా అని అడగండి.

ఒక హెచ్చరిక. వేగం తగ్గించమని ల్యాప్‌టాప్ పంపే సంకేతాన్నే ప్రాసెసర్ చెవిన పడకుండా చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వేగం నిజంగానే వస్తుంది. కానీ ల్యాప్‌టాప్‌లో ఇతర భాగాలు వేడెక్కినప్పుడు వచ్చే హెచ్చరిక కూడా అదే దారిలో వస్తుంది. దాన్ని మూసేసి ల్యాప్‌టాప్ వాడకండి.

మిగిలినవి

పది నిమిషాల తరువాతే నెమ్మదిస్తే ఫ్యానులో దుమ్ము చేరింది, శుభ్రం చేయించి, ప్రాసెసర్ వేడిని బయటకు లాగే పేస్టు మార్పించండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబికితే బ్యాటరీ ఉబ్బింది, ఆ క్షణమే వాడటం ఆపండి. వైరస్ అని చాలామంది అనుకుంటారు, నేను చూసినవాటిలో అది బాగా అరుదు.

ఇవన్నీ చూశాక కూడా కొనాల్సి వస్తే

నిజంగా కొనాల్సిన సందర్భాలు ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం నుంచే విండోస్ 11కు ఆమోదం ఉంది. అన్నయ్య వాడిన పాతది అంతకన్నా ముందుదైతే దాని మీద డబ్బు పెట్టకండి. ర్యామ్ పెంచే దారి లేని 8 జీబీ కూడా అంతే.

కొత్తదానిలో 16 జీబీ తీసుకోండి, లేదా 8తో పాటు ఖాళీ స్లాటు ఉండాలి. ప్రాసెసర్ పేరులో ఐ5 అని చూసి ఆగిపోకండి, చివరి అక్షరం చూడండి. యూ అయితే తక్కువ కరెంటుతో ఎక్కువసేపు నడుస్తుంది. హెచ్ అయితే బరువైన పనికి వేగంగా ఉంటుంది కానీ బ్యాటరీని తినేస్తుంది, పెద్ద ఛార్జరు మోయాలి. మెకానికల్, సివిల్ పిల్లలు సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయని గుర్తుంచుకుని మ్యాక్ వైపు చూడాలి.

డబ్బాతో వచ్చిన ఛార్జరు లేబుల్‌ను కొన్న రోజే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. రెండేళ్ల తరువాత అక్షరాలు చెరిగిపోతాయి. అప్పుడు ఏ ఛార్జరు కొనాలో ఆ ఫోటో చూపిస్తే చాలు.